విజిల్ ఎవరి చేతికి?
మైదానం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫుట్‌బాల్ రెఫరీల గురించినవే. వేసవి శిబిరాల్లో పిల్లలు పెరిగారు, పాఠశాలల పోటీల్లో జట్లు పెరిగాయి, ఆ మ్యాచ్‌లను నడిపించేవాళ్లు మాత్రం దొరకడం లేదని అందరూ రాశారు. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. పేర్లు వదిలేసి ఊళ్లు మాత్రమే ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: మా అకాడమీ తరఫున 12 ఏళ్లలోపు పిల్లలకు ఒక్కరోజు టోర్నమెంట్ పెట్టాలనుకుంటున్నాం. ఎనిమిది జట్లు వస్తామన్నాయి. అనుభవమున్న రెఫరీ ఒక్కరే దొరికారు. రోజంతా ఆయనతోనే నడిపించవచ్చా?
– అకాడమీ నిర్వాహకుడు, తిరుపతి

జవాబు: నడిపించకూడదు. మామూలు పద్ధతిలో ఎనిమిది జట్లను రెండు గ్రూపులు చేస్తే గ్రూపు మ్యాచ్‌లు 12, రెండు సెమీ ఫైనల్స్, ఒక ఫైనల్, మొత్తం 15 మ్యాచ్‌లు అవుతాయి. సగానికి పది నిమిషాల చొప్పున ఆడించి, మధ్యలో విరామం, జట్లు మారే సమయం కలుపుకుంటే మ్యాచ్‌కు 25 నిమిషాలు పడుతుంది. అంటే ఆరుంబావు గంటలు. పెద్దవాళ్ల పూర్తి మ్యాచ్‌లో రెఫరీ పది కిలోమీటర్లకు పైగానే పరుగెత్తుతారు. పిల్లల మ్యాచ్‌లో అంత పరుగు ఉండకపోయినా, వరుసగా ఇన్ని మ్యాచ్‌లు చేసిన మనిషి మధ్యాహ్నానికి సెంటర్ సర్కిల్ దాటి కదలలేరు. ముప్ఫై గజాల దూరం నుంచి చూసి ఇచ్చే నిర్ణయాన్ని ఎవరూ నమ్మరు, గొడవలు అక్కడే మొదలవుతాయి. అంతకంటే ముఖ్యంగా, వెనుక నుంచి వచ్చి కాళ్లు తన్నే ఫౌల్ ఆయన కంటపడకపోతే దెబ్బ తగిలేది పదకొండేళ్ల పిల్లవాడికి.

రెఫరీ కోసం వెతికే ముందు, మీ ఆటకు ఎంత రెఫరీయింగ్ అవసరమో తగ్గించుకోండి. ఫుట్‌బాల్ నియమాలను రాసే ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు 1886 నుంచి ఉంది. పిల్లల ఆటకు, కింది స్థాయి ఆటకు మైదానం కొలతలు, బంతి పరిమాణం, గోల్ వెడల్పు, ఆట సమయం మార్చుకోవచ్చని, బయటికి వెళ్లిన ఆటగాడు తిరిగి లోపలికి రావచ్చని ఆ నియమాల్లోనే ఉంది. ఈ మార్పులకు జాతీయ సమాఖ్య అనుమతి ఉండాలి కాబట్టి మీ జిల్లా సంఘంతో ముందే మాట్లాడి పెట్టుకోండి. 12 ఏళ్లలోపు వారికి ఏడుగురేసి జట్లు, నాలుగో నంబరు బంతి సరిపోతాయి. పెద్ద మైదానాన్ని అడ్డంగా కోసి రెండు చిన్న మైదానాలు గీయండి. ఇంగ్లండ్‌లో చిన్నపిల్లల ఏడుగురి ఆటలో ఆఫ్‌సైడ్ (సహచరుడు బంతి వదిలే క్షణానికి ప్రత్యర్థుల్లో చివరి నుంచి రెండోవారిని దాటి గోల్ వైపు ఉండటం) ఉండదు, తొమ్మిదిమంది ఆట మొదలయ్యాకనే అది వస్తుంది. మీరూ ఏడుగురి ఆట పెడుతున్నారు గనుక ఆఫ్‌సైడ్ తీసేయవచ్చు. లైన్స్‌మన్ లేని రెఫరీకి తలనొప్పి తెచ్చే అంశాల్లో మొదటిది ఆఫ్‌సైడే.

సెమీ ఫైనల్స్, ఫైనల్ కూడా వదిలేయమని సలహా ఇస్తాను. ప్రతి జట్టుకు మూడు మ్యాచ్‌లు గ్యారంటీగా ఇచ్చి, అందరికీ పతకాలు ఇవ్వండి. అప్పుడు మ్యాచ్‌లు 12, ఒక్కో చిన్న మైదానంలో ఆరు, అంటే రెండున్నర గంటల పని. మైదానానికి ఇద్దరు చొప్పున నలుగురు కుర్రాళ్లు ఒకటి విడిచి ఒకటి నడిపిస్తే ఎవరూ అలసిపోరు. ఆ నలుగురు ఎక్కడి నుంచి వస్తారంటే, మీ అకాడమీలోనే ఆడుతున్న పెద్ద పిల్లలు, విశ్వవిద్యాలయం జట్టులో ఆడే విద్యార్థులు ఉన్నారు. ముందురోజు సాయంత్రం రెండు గంటలు కూర్చోబెట్టి ఫౌల్, త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్, ఫ్రీ కిక్ దూరం నేర్పితే ఈ స్థాయికి చాలు.

మీకు దొరికిన ఆ ఒక్క అనుభవజ్ఞుడికి విజిల్ ఇవ్వకండి. ఆయన రెండు మైదానాల మధ్య నడుస్తూ, కొత్త కుర్రాళ్లకు మ్యాచ్ మధ్యలో ఒక మాట చెబుతూ, ఎవరైనా కోచ్ గొంతు పెంచితే దగ్గరికి వెళ్లి నిలబడాలి. ఆయన ఒక్కరే 15 మ్యాచ్‌లు చేస్తే మీకు ఆ రోజు గడుస్తుంది. నలుగురికి నేర్పితే వచ్చే ఏడాదికి మీకు నలుగురు రెఫరీలుంటారు.

రెండు జాగ్రత్తలు మరవకండి. అటూ ఇటూ జరిపే గోల్ పోస్టులను నేలకు గట్టిగా బిగించి ఉంచాలని మొదటి నియమమే చెబుతోంది. మేకులు దిగని గట్టి నేలైతే వెనుక కడ్డీ మీద బరువైన ఇసుక బస్తాలు వేయించండి, పిల్లలెవరినీ అడ్డకడ్డీ పట్టుకుని వేలాడనివ్వకండి. ఇక తిరుపతి ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిదిన్నర తర్వాత పిల్లలను ఆడించకండి. ప్రతి సగంలో నీళ్ల కోసం ఒక నిమిషం ఆపవచ్చు. వేడి ఎక్కువైతే శరీరం చల్లబడేందుకు తొంభై సెకన్ల నుంచి మూడు నిమిషాల వరకు విరామం ఇవ్వవచ్చని ఏడో నియమంలో ఉంది.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుణ్ణి. మండల స్థాయి పోటీల్లో మా బడి జట్టుకు కోచ్‌ని నేనే, రెఫరీలు లేరని మా మ్యాచ్‌కే విజిల్ కూడా నాకే ఇస్తున్నారు. గెలిస్తే అవతలి వాళ్లు, ఓడితే మా పిల్లల తల్లిదండ్రులు నన్నే అంటున్నారు. ఏం చేయాలి?
– వ్యాయామోపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

జవాబు: మీరు ఎంత నిజాయితీగా నడిపించినా, మీ జట్టు మ్యాచ్‌కు మీరు రెఫరీగా ఉన్నంతకాలం ఆ మాటలు ఆగవు. లోపం మీలో లేదు, పోటీల షెడ్యూలు వేసిన పద్ధతిలో ఉంది. నాలుగు బడులు ఆడుతుంటే నలుగురు పీఈటీలు అక్కడ ఉంటారు. రెండు బడులు ఆడుతున్నప్పుడు మిగతా ఇద్దరూ ఖాళీగానే ఉంటారు కదా! ఏ మ్యాచ్‌కు ఏ బడి సార్ రెఫరీయో డ్రా తీసేటప్పుడే రాసి అందరి చేతా సంతకాలు పెట్టించమని మీ మండల నిర్వాహకులను అడగండి. పొద్దున గ్రౌండులో నిలబడి వెతికితే ఎవరూ ముందుకు రారు. కాగితం మీద పేరుంటే వస్తారు. ఒకే గ్రూపులో ఉన్న మూడో జట్టు సార్‌కు ఆ ఫలితం మీద ఆసక్తి ఉంటుందని అభ్యంతరం రావచ్చు, అందుకని వీలైతే అవతలి గ్రూపు వారిని వేయించండి.

కోచ్‌లిద్దరూ చెరొక సగం నడిపించే పద్ధతి కూడా మన ప్రాంతంలో ఉంది. స్నేహపూర్వక మ్యాచ్‌కు అది ఫరవాలేదు. పోటీ మ్యాచ్‌కు నాకు అది ఇష్టం లేదు. మొదటి సగంలో ఫౌల్ కానిది రెండో సగంలో ఫౌల్ అవుతుంది, పిల్లలు అయోమయంలో పడతారు, రెండో సగం నడిపించే కోచ్ మొదటి సగం బాకీ తీర్చుకుంటున్నారని అనుమానం వస్తుంది.

ఎంత ప్రయత్నించినా మీకే విజిల్ వచ్చిన రోజున, ఆట మొదలయ్యే ముందు ఇద్దరు కెప్టెన్లనూ అవతలి సార్‌నూ పిలిచి, నేను ఈ బడి మాస్టారునే, వేరేవాళ్లు దొరకలేదు, మీకు సమ్మతమైతేనే మొదలుపెడతాను అని అందరి ముందూ చెప్పండి. ఆ మ్యాచ్‌లో మీ జట్టుకు గ్రౌండు బయటి నుంచి సూచనలు ఇచ్చే పని సహోపాధ్యాయుడికో, సీనియర్ విద్యార్థికో అప్పగించి, మీరు మాత్రం విజిల్ పట్టుకున్నంతసేపూ మీ పిల్లలతో ఒక్క మాట కూడా మాట్లాడకండి.

రెండు జట్ల నుంచి ఒక్కొక్కరిని గీతల మీద నిలబెడుతుంటారు. వాళ్లకు బంతి బయటికి పోయిందా లేదా అన్నది మాత్రమే అప్పగించండి, ఆఫ్‌సైడ్ వద్దు. ఆఫ్‌సైడ్ చూడాలంటే చివరి నుంచి రెండో డిఫెండర్‌తో సమానంగా కదలాలి, పాస్ వదిలిన క్షణాన్నీ ఆ గీతనూ ఒకేసారి పట్టుకోవాలి. శిక్షణ లేని పిల్లవాడి మీద, అందునా తన బడి గెలవాలని కోరుకునే పిల్లవాడి మీద ఆ బరువు వేయడం అన్యాయం. ఒంటరి రెఫరీ మైదానం మధ్యన కాకుండా కాస్త పక్కకు నిలబడితే డిఫెండర్ల వరస బాగా కనిపిస్తుంది. నిజంగా అనుమానంగా ఉంటే ఆట సాగనివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. జిల్లాలో జరిగిన రెఫరీల శిక్షణకు వెళ్లి వచ్చాక చిన్నపిల్లల మ్యాచ్‌లకు పిలుస్తున్నారు. పోయిన వారం 14 ఏళ్లలోపు అబ్బాయిల మ్యాచ్‌లో ఒక పిల్లవాడి తండ్రి గీత దాటి వచ్చి, ఆడపిల్లవి నీకేం తెలుసని అందరి ముందూ అరిచారట. ఇంటికి వచ్చి ఏడ్చింది. ఇంక పంపవద్దని మా ఇంట్లో పెద్దలు అంటున్నారు. తను మాత్రం వెళ్తానంటోంది. మీరేమంటారు?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, పంపండి. కానీ ఇప్పుడు పంపుతున్న పద్ధతిలో పంపవద్దు. ఆ రోజు జరిగినదానికి బాధ్యత మీ అమ్మాయిది కాదు, ఆ తండ్రి ఒక్కరిదీ కాదు. పదహారేళ్ల పిల్లను తనకంటే రెండేళ్లే చిన్నవాళ్లయిన అబ్బాయిల మధ్య, తోడుగా ఒక పెద్దమనిషి లేకుండా వదిలేసిన నిర్వాహకులది. రెఫరీలు దొరకడం లేదని పిల్లలను పిలుస్తున్నారు, పిలిచిన పిల్లలను కాపాడే ఏర్పాటు మాత్రం చేయడం లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నది ఇదే. కొత్తగా శిక్షణ పొందినవారిని మొదటి ఏడాదిలోనే ఇలా పోగొట్టుకుంటే, మళ్లీ మళ్లీ శిక్షణ శిబిరాలు పెట్టి ప్రయోజనం ఏముంటుంది?

రెఫరీకి నియమాలు ఏ అధికారం ఇచ్చాయో మీరూ తెలుసుకుంటే ఆమెకు ధైర్యం చెప్పగలుగుతారు. మ్యాచ్‌కు ముందు మైదానం తనిఖీ చేయడానికి అడుగు పెట్టినప్పటి నుంచి, మ్యాచ్ అయ్యాక బయటికి వచ్చేవరకు క్రమశిక్షణ చర్యలు తీసుకునే అధికారం రెఫరీకి ఉంటుంది. 2019 నుంచి కోచ్‌లకు, బెంచి మీది సిబ్బందికి కూడా ఎల్లో, రెడ్ కార్డులు చూపవచ్చు. బెంచి నుంచి మాట అన్నది ఎవరో తేలకపోతే అక్కడున్న ప్రధాన కోచ్‌కే ఆ కార్డు వస్తుంది. చూడటానికి వచ్చిన తల్లిదండ్రులకు మాత్రం కార్డు చూపడం కుదరదు. వాళ్లను అదుపులో పెట్టాల్సింది నిర్వాహకులు. మీ అమ్మాయి చేయవలసిందల్లా ఆట ఆపడం, బంతి చేతిలోకి తీసుకోవడం, నిర్వాహకులను పిలిపించి, ఆయన గ్రౌండు బయటికి వెళ్లాకే మొదలుపెడతానని చెప్పడం. ఆ పెద్దమనిషితో వాదించనక్కరలేదు, ఆయన వైపు నడవనూ వద్దు. బయటివారి జోక్యం ఆగకపోతే మ్యాచ్‌ను పూర్తిగా రద్దు చేసే అధికారం కూడా ఐదో నియమం రెఫరీకి ఇచ్చింది.

అయితే ఇంత పని పదహారేళ్ల పిల్ల నెత్తిన పెట్టడం నాకు సమ్మతం కాదు. అందుకే పిలిచిన ప్రతిసారీ నిర్వాహకులకు ముందే ఫోన్ చేసి ఈ విషయాలు అడగండి. గ్రౌండులో ఈమెకు తోడుగా, అందరికీ కనిపించేలా గీత పక్కన నిలబడే పెద్దవారు ఎవరు? ఆడేది ఏ వయసువాళ్లు? ఇప్పటికి పదేళ్లలోపు పిల్లల మ్యాచ్‌లు చాలని నా అభిప్రాయం. ఆ వయసులో ఆటగాళ్లు రెఫరీ మాట వింటారు, ఆమెకు గొంతు, విజిల్ కుదురుకుంటాయి. బట్టలు మార్చుకోవడానికి విడి గది ఉందా? చీకటి పడకముందే ఇంటికి చేరే ఏర్పాటు ఉందా? డబ్బు అదే రోజు ఆమె చేతికే ఇస్తారా? ఈ ప్రశ్నలకు విసుక్కునేవారు పిలిస్తే వెళ్లవద్దు. ఎవరైనా అసభ్యంగా మాట్లాడినా, తాకినా అది ఆటకు సంబంధించిన గొడవ కాదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం రక్షణ ఉంది, పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయవచ్చు.

పోయిన వారం జరిగినదాన్ని ఆమె చేతే కాగితం మీద రాయించి జిల్లా సంఘానికి పంపండి. ఎన్నో నిమిషంలో జరిగింది, ఆయన ఏ మాటలు అన్నారు, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారు, అప్పుడు దగ్గరలో ఎవరున్నారు అన్నవి ఉన్నదున్నట్టు రాయాలి. తనకు కలిగిన బాధ గురించి కాకుండా జరిగిన సంఘటన గురించి రాస్తే చర్య తీసుకోవడం సులభం. దీనివల్ల ఆమెకు ఇంకో మేలు కూడా ఉంది. రెఫరీ రాసే నివేదికకు విలువ ఉంటుందని ఆమెకు అర్థమవుతుంది.

ఈ దుర్భాష మన ఊళ్లకే పరిమితం కాదు. ఫుట్‌బాల్ పుట్టిన ఇంగ్లండ్‌లోనే కింది స్థాయి మ్యాచ్‌ల రెఫరీల మీద దౌర్జన్యాలు తగ్గించడానికి 2023లో వాళ్ల దుస్తులకు కెమెరాలు పెట్టి చూడటం మొదలుపెట్టారు. ఇక ఆడపిల్లకేం తెలుసన్న మాటకు జవాబు మీ ఇంట్లో పెద్దలకు కూడా చెప్పండి. 2022 డిసెంబరు 1న ఖతార్‌లో పురుషుల ప్రపంచకప్‌లో కోస్టారికా, జర్మనీ జట్లు ఆడిన మ్యాచ్‌కు ఫ్రాన్స్‌కు చెందిన స్టెఫానీ ఫ్రాపార్ రెఫరీగా ఉన్నారు. గీతల మీద ఉన్న ఇద్దరు అసిస్టెంట్లూ మహిళలే. మన దేశంలో గోవాకు చెందిన యువేనా ఫెర్నాండెస్ 2016లో జోర్డాన్‌లో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచకప్‌లో అసిస్టెంట్ రెఫరీగా పనిచేశారు.

మ్యాచ్ నుంచి వచ్చిన రాత్రి, ఆ పెనాల్టీ ఎందుకిచ్చావు, ఈ కార్డు ఎందుకు చూపలేదు అని మాత్రం అడగవద్దు. తింటూ తనంతట తాను చెబితే వినండి. తప్పొప్పులు మాట్లాడటానికి ఆమెకు నేర్పిన సీనియర్ రెఫరీ ఉన్నారు.

ప్రశ్న: జిల్లా స్థాయి మ్యాచ్‌లో ప్రత్యర్థి డిఫెండర్ చేతికి బంతి స్పష్టంగా తగిలింది. రెఫరీ పెనాల్టీ ఇవ్వలేదు. మా వాడి జట్టు ఒక్క గోల్ తేడాతో ఓడిపోయింది. నా ఫోనులో వీడియో ఉంది. ఫలితం మార్పించవచ్చా?
– ఒక తండ్రి, పలమనేరు

జవాబు: మార్పించలేరు. చేతికి తగిలిన ప్రతి బంతీ తప్పు కాదు. కావాలని తాకితేనో, చేతిని అసహజంగా చాచి శరీరాన్ని పెద్దది చేసుకున్నప్పుడు తగిలితేనో తప్పవుతుంది. అది ఏదన్నది రెఫరీ అక్కడికక్కడ తేల్చవలసిన విషయం. ఆటలో జరిగిన సంగతుల మీద రెఫరీ నిర్ణయమే అంతిమం. ఆట తిరిగి మొదలయ్యాక పొరపాటని తెలిసినా రెఫరీ కూడా దాన్ని మార్చలేరు. నియమాన్నే తప్పుగా అమలు చేస్తే, ఉదాహరణకు రెండో ఎల్లో కార్డు చూపించి కూడా ఆటగాణ్ణి బయటికి పంపకపోతే, టోర్నమెంటు నిబంధనల్లో ఫిర్యాదుకు వీలు ఉందేమో చూసి జట్టు మేనేజర్ ద్వారా రాయండి. ఆ వీడియోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. అందులో కనిపిస్తున్న రెఫరీ కూడా ఎవరి పిల్లవాడో.

ప్రశ్న: శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతున్నాను. ఇంటర్‌లో మోకాలి దెబ్బతో ఆట మానేశాను. రెఫరీ కావాలంటే ఏం చదవాలి, ఎంతవరకు వెళ్లవచ్చు? దీన్ని నమ్ముకుని బతకవచ్చా?
– విద్యార్థి, తిరుపతి

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుని చదువు వదిలేయకండి. మన దేశంలో రెఫరీల్లో ఎక్కువమంది వేరే ఉద్యోగం చేసుకుంటూ మ్యాచ్‌లు చేసేవారే. చదువుకుంటూనే చేతి ఖర్చులు సంపాదించుకోవడానికి, ఆటలో ఉండిపోవడానికి మాత్రం ఇది చక్కని దారి.

నియమాలు మొత్తం 17. ఆ పుస్తకం ఇంటర్నేషనల్ బోర్డు వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ముందు ఐదో నియమం రెఫరీ అధికారాలు, పదకొండు ఆఫ్‌సైడ్, పన్నెండు ఫౌళ్లు చదవండి. ఫౌల్‌లో నిర్లక్ష్యం, దుడుకుతనం, మితిమీరిన బలం అనే మూడు మెట్లు ఉంటాయి. మొదటిదానికి ఫ్రీ కిక్ చాలు, రెండోదానికి ఎల్లో కార్డు, మూడోదానికి రెడ్ కార్డు. ఈ మూడింటి తేడా కంటికి అలవాటు కావడమే అసలు విద్య, అది పుస్తకంతో రాదు. నియమాలు ఏటా కొన్ని మారుతుంటాయి. 2025 జులై నుంచి గోల్‌కీపర్ బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతుల్లో పెట్టుకుంటే ప్రత్యర్థికి కార్నర్ ఇస్తున్నారు. పాత ఆటగాళ్లు చాలామంది తాము ఆడిన రోజుల నియమాలతోనే వాదిస్తారు, మీరు ఈ ఏటి పుస్తకం చదివి ఉండాలి.

మీ జిల్లా ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిని కలిసి, రెఫరీల శిక్షణ, పరీక్ష ఎప్పుడో కనుక్కోండి. జిల్లా నుంచి రాష్ట్రం, అక్కడి నుంచి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పరీక్షలు, ఆపైన ఫిఫా జాబితా అన్నది వరస. మీ మోకాలి సంగతి డాక్టరుకు చూపించుకోండి. పై స్థాయి పరీక్షలో నలభై మీటర్ల పరుగులు ఆరు తీశాక, 75 మీటర్లు పరుగు, 25 మీటర్లు నడక చొప్పున నలభైసార్లు చేయాలి. మొదటి మెట్టులో ఇంత అడగరు. అయినా వారానికి మూడు రోజులు ఉదయం తారకరామ స్టేడియంలో పరుగు అలవాటు చేసుకుంటే మంచిది.

ఎంతవరకు వెళ్లవచ్చంటే, పొరుగున ఉన్న చెన్నై నుంచి కె. శంకర్ 2002 ప్రపంచకప్‌లో అసిస్టెంట్ రెఫరీగా పనిచేశారు. మన తెలుగు నేల మీద హైదరాబాదుకు చెందిన ఎస్.ఎస్. హకీం ఉండేవారు. భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి నడిపించిన కోచ్ రహీం సాబ్ కుమారుడాయన. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు, తర్వాత ఫిఫా రెఫరీ అయి 1988 ఆసియా కప్‌లో మ్యాచ్‌లు నడిపించారు. 2017లో ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. ఆటగాడిగా తలుపు మూసుకుపోయినవారికి రెఫరీగా మరో తలుపు ఉందని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: మా యువజన సంఘం ఏటా సంక్రాంతికి ఫుట్‌బాల్ టోర్నమెంట్ నిర్వహిస్తుంది. యువకుల విభాగం, 16 ఏళ్లలోపు విభాగం రెండూ ఉంటాయి. ఒకసారి వచ్చిన రెఫరీలు రెండో ఏడాది పిలిస్తే రావడం లేదు. డబ్బు పెంచితే వస్తారా?
– సంఘం కార్యదర్శి, పుత్తూరు

జవాబు: డబ్బు కొంతవరకే పనిచేస్తుంది. మొదట మీ ఖర్చుల పట్టిక తీసి చూడండి. ట్రోఫీలకు, ఫ్లెక్సీలకు, మైకు సెట్టుకు ఎంత పెట్టారు, రెఫరీలకు ఎంత పెట్టారు? ఫ్లెక్సీ ఒకటి తగ్గించి ఆ సొమ్ము ఇటు మళ్లించండి. అంతకంటే ముఖ్యమైనది ఆ డబ్బు ఇచ్చే తీరు. బహుమతుల సభ ముగిసి, అతిథులు వెళ్లిపోయి, నిర్వాహకులు లెక్కలు చూసుకునేదాకా రెఫరీలు ఒక మూల నిలబడి ఎదురుచూడటం మన టోర్నమెంట్లలో మామూలైపోయింది. ఓడిన జట్టు మనుషులు కూడా అప్పటికి అక్కడే తిరుగుతుంటారు. చివరి మ్యాచ్ విజిల్ పడగానే కవరు చేతిలో పెట్టి, బస్సు చార్జీలు కూడా ఇచ్చి, మీ సంఘం వాళ్లు ఇద్దరు బైకుల మీద బస్టాండుదాకా దింపి రావాలి. మధ్యలో నీడ, మంచినీళ్లు, ఆటగాళ్లకు దూరంగా కూర్చునే చోటు, వేళకు భోజనం ఉండాలి. ఇంటికి వచ్చిన చుట్టానికి చేసేవే ఇవన్నీ.

తర్వాత, మాటల సంగతి. టోర్నమెంట్ ప్రవేశ పత్రం మీదే రెండు నిబంధనలు అచ్చు వేయించండి. ఒకటి, రెఫరీతో కెప్టెన్ తప్ప ఎవరూ మాట్లాడకూడదు. 2025 నుంచి ఇది నియమాల పుస్తకంలోనే మార్గదర్శకంగా ఉంది. గోల్‌కీపర్ కెప్టెన్ అయితే అతని బదులు మాట్లాడటానికి మైదానంలో ఆడే మరొకరిని ముందే చెప్పాలి. రెండు, రెఫరీ నిర్ణయం మీద గొడవపడి ఎల్లో కార్డు తెచ్చుకున్నవారు కొద్ది నిమిషాలు బయట కూర్చోవాలి. కింది స్థాయి ఆటకు ఇలాంటి తాత్కాలిక బహిష్కరణను నియమాలు అనుమతిస్తాయి, మొత్తం ఆట సమయంలో పది నుంచి పదిహేను శాతం దానికి తగిన వ్యవధి. సగానికి ముప్ఫై నిమిషాల మ్యాచ్ అయితే ఆరు నుంచి తొమ్మిది నిమిషాలు. ఇంగ్లండ్‌లో కింది స్థాయి లీగులన్నిటిలో 2019-20 సీజను నుంచి ఇది అమలులో ఉంది. జట్టు పదిమందితో ఆడాల్సి వస్తే తోటి ఆటగాళ్లే ఆ నోరును అదుపు చేస్తారు. ఇది కూడా జిల్లా సంఘం అనుమతితో చేయండి.

రెఫరీ మీద చేయి చేసుకున్న ఆటగాడు మీ ఊరివాడైనా, మీ చందాదారుడి కొడుకైనా ఆ టోర్నమెంటులో మళ్లీ ఆడకూడదు. ఆ ఒక్క నిర్ణయం తీసుకోవడానికి మీ సంఘం వెనకాడితే, మిగతా ఏర్పాట్లన్నీ చేసినా రెఫరీలు రారు. తిరుపతి నుంచి పుత్తూరుకు, పుత్తూరు నుంచి చిత్తూరుకు వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఏ ఊళ్లో ఏం జరిగిందో మరునాటికి అందరికీ తెలిసిపోతుంది.

ఈ సంక్రాంతికి పోయినేడు వచ్చి వెళ్లినవారికే ముందు ఫోన్ చేయండి. టోర్నమెంటుకు రమ్మని అడగడానికి కాదు, మళ్లీ ఎందుకు రాలేదో అడిగి వినడానికి. వాళ్లు చెప్పినవి రాసుకుని, వాటిలో వెంటనే సరిచేయగలిగినవి సరిచేసి, ఆ తర్వాత ఆహ్వానం పంపండి. 16 ఏళ్లలోపు విభాగానికి మీ ఊరి కుర్రాళ్లనే ఇద్దరు ముగ్గురిని నవంబరులోనే ఎంపిక చేసి, వచ్చే సీనియర్ రెఫరీల పక్కన గీతల మీద నిలబెట్టే ఏర్పాటు కూడా ఆ ఫోన్‌లోనే మాట్లాడుకోండి.